సహనం అనే మాట గురించి

మన అమ్మలు, అమ్మమ్మలు చదివిన శరత్ మన దగ్గరికి ఒక క్షయ రోగి మంచం మీదుగా కూడా వచ్చాడు. తెనాలికి చెందిన చక్రపాణి 1932లో క్షయ సోకి మదనపల్లె శానిటోరియంలో చేరారు. అక్కడే బెంగాలీ నేర్చుకున్నారు, తర్వాత శరత్ నవలల్ని తెలుగు చేశారు. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ని కనుక్కున్నది 1943లో. అప్పటిదాకా విశ్రాంతి, మంచి తిండి, గాలి ఇచ్చి, రోగి దేహం తన పని తాను చేసుకునే వీలు కల్పించడమే ప్రధానమైన వైద్యం.

మంచాన పడ్డ మగవాడు, పక్కన కూర్చుని సేవ చేసే స్త్రీ శరత్ నవలల్లో తరచూ కనిపిస్తారు. దేవదాసుకి చంద్రముఖి, శ్రీకాంత్‌కి రాజలక్ష్మి. వాళ్ల ఓర్పు చూసి మనం కన్నీళ్లు పెట్టుకున్నాం. రాత్రుళ్లు మేలుకున్న ఆ ఒళ్లు ఏమైపోయాయని మాత్రం అడగలేదు. రంగూన్‌లో ప్లేగుకి భార్యనీ బిడ్డనీ పోగొట్టుకున్న శరత్ కూడా ఆ ప్రశ్న దగ్గర పెద్దగా ఆగలేదు.

మా అమ్మ శరత్ అభిమాని. ప్రత్తిపాడు వైపు పత్తి తీతలకీ, మిరపకాయల తొడిమలు తీయడానికీ వెళ్లిన చేతులు ఆమెవి. వేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే గ్లాసు పట్టుకోలేని స్థితి వచ్చాక రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. "నీ రోగనిరోధక వ్యవస్థే నీ మీద యుద్ధం చేస్తోందమ్మా" అన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో అమ్మ అడిగింది: "నా ఒంటికి నేనేం అపకారం చేశానే?"

డాక్టరుని తప్పుపట్టలేను. మన విజ్ఞాన వ్యాసాల భాషే అది. దేహం కోట, తెల్లరక్తకణాలు సైనికులు, సూక్ష్మజీవులు శత్రువులు. చిన్నపిల్లలకి చెప్పడానికి ఈ పోలిక పనికొస్తుందేమో. కానీ ఆటో ఇమ్యూన్ జబ్బులున్న ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు స్త్రీలే. వాళ్ల దగ్గరికొచ్చేసరికి ఈ పోలిక వాళ్ల ఒంటినే ద్రోహిని చేస్తుంది. నిరోధక వ్యవస్థ గురించి అమెరికాలో మాట్లాడే భాషని ఎమిలీ మార్టిన్ 1994లో 'ఫ్లెక్సిబుల్ బాడీస్' పుస్తకంలో పరిశీలించింది. తెలుగులో ఆ పని మనమే చెయ్యాలి.

ఇమ్యునాలజీలో టాలరెన్స్ అనే మాట ఉంది. తెలుగులో చెప్పాలంటే సహనం. ఎంత బరువైన మాట మనకి! భూదేవంత సహనం ఉండాలని చెప్పే కదా మనల్ని పెంచారు. అయితే శాస్త్రం చెప్పే సహనం నోరు మూసుకుని పడి ఉండడం కాదు. సొంత కణజాలం మీదికి వెళ్లే టి కణాలని నియంత్రక టి కణాలనే మరో రకం కణాలు నిత్యం అదుపులో పెడుతుంటాయి. ఈ విషయం వెలికితీసినందుకే మేరీ బ్రన్కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగూచిలకి 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే సహనం ఒక పని. దేన్ని ఉండనివ్వాలో, దేన్ని అడ్డుకోవాలో తేల్చుకునే పని.

ఈ ఎరుకతో 'శ్రీకాంత్' రెండో భాగం మళ్లీ చదివాను. అందులో అభయ, కొట్టిన భర్తని వదిలేసి రోహిణితో ఉంటుంది. ప్లేగేమోనన్న అనుమానంతో గుమ్మంలోకొచ్చిన శ్రీకాంత్‌ని మాత్రం లోపలికి తీసుకుంటుంది. దెబ్బల్ని సహించలేదు, రోగిని కాదనలేదు. రెండూ ఆమె తీసుకున్న నిర్ణయాలే. ఓర్పుకి పేరుపడ్డ నాయికల మధ్య నాకిప్పుడు సహనం అంటే అభయే గుర్తొస్తుంది.

"నీ ఒళ్లు నీ మీద పగబట్టలేదమ్మా, తనవాళ్లని పోల్చుకోలేకపోతోంది, అంతే" అని అమ్మకి చెప్పాను. నొప్పి తగ్గలేదు, మాత్రలు వేసుకుంటూనే ఉంది. బస్సులో అడిగిన ప్రశ్న మాత్రం మళ్లీ అడగలేదు.