సీసాలు, సంతకములు

ఈ వారము నాకు చిరాకు తెప్పించినది నాలుగు పుటల ప్రశ్నాపత్రము. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పై వాటాలో అద్దెకున్నవారి అమ్మాయి, బయోటెక్నాలజీ విద్యార్థిని, దానిని నా చేతికిచ్చి "అంకుల్, చివర్లో ఒక్క సంతకం పెట్టండి, చాలు" అన్నది. సంతకములతో నాకు గల పాత జగడము ఈ శీర్షికను విడువక చదువువారికి క్రొత్త గాదు. చదువనీయక సంతకమడుగువానిని అప్పులవానికంటె నెక్కువగా శంకింపవలెనని లోగడ వ్రాసియే యున్నాను.

సంగతి యేమనగా, ఫ్లోరైడు సోకినంతనే రంగు మారునట్టి సూక్ష్మజీవిని ఆమె బృందము రూపొందింపదలచినదట. ఫ్లోరైడును పసిగట్టు ఆర్.ఎన్.ఏ. భాగము కొన్ని బాక్టీరియాలలో సహజముగనే కలదు. దానికి రంగునిచ్చు జన్యువును తగిలించుట వీరి పని. 2003లో ఎం.ఐ.టి.లో జరిగిన యొక తరగతి నుండి పుట్టి, నేడు దేశదేశముల విద్యార్థులను ఆకర్షించుచున్న, వీరును పాల్గొననున్న ఐజెమ్ అను జన్యునిర్మాణ పోటీలో, ప్రయోగము ఎవరి కొరకో వారిని కలిసికొని మాట్లాడుటకును విలువ గట్టుదురు. దానికి 'హ్యూమన్ ప్రాక్టీసెస్' అని పేరు. మార్చిన జీవిని ప్రయోగశాల వెలుపలికి వదలరాదన్న నియమమును అచట కలదు గనుక, ఊరివారికి కనబడునది సూక్ష్మజీవి గాదు, ఈ కాగితమే.

నేను నల్గొండ జిల్లాలోని మర్రిగూడ ప్రాంతమున బడిపంతులుగా నుంటినని విని, ప్రశ్నలను ముందుగా నాపై ప్రయోగింప వచ్చినది. ఎల్.బి.నగర్ దాటి సాగర్ రోడ్డు పట్టి మాల్ మీదుగా పోవు ఆ బస్సు జ్ఞప్తికి వచ్చినంతనే, పిలిచినప్పుడు మెడ తిరుగక, కట్టెవలె బిగుసుకొనిన మేనినంతటిని త్రిప్పి చూచు వృద్ధుడొకడు కన్నులకు కట్టును. మా తరగతిలో పండ్లపై గోధుమరంగు చారలు లేక నవ్విన పిల్లలు అరుదు. అప్పుడప్పుడు జీపొకటి వచ్చెడిది. దిగినవారు బోరింగు నీటిని సీసాలలో పట్టి, చీటీలంటించి, వచ్చిన దారినే పోయెడివారు. "సీసాలు నింపుకపోయెటోల్లే గని, బిందెలు నింపెటోడు రాడు సారూ" అన్నాడు ఆ వృద్ధుడు.

నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు ఈ ఫ్లోరోసిస్ తెలియని వ్యాధి గాదు. పొదిలి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో నుండగా, 1937లోనే షార్ట్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. నల్గొండను గూర్చి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ వ్రాసెను. పటిక, సున్నము వేసి ఫ్లోరైడును తొలగించు విధానమునకు నాగపూరు 'నీరీ' శాస్త్రజ్ఞులు నల్గొండ పద్ధతి యనియే పేరిడిరి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదన్న హద్దును అందరెరుగుదురు. ఇన్ని సీసాల పిమ్మట రంగు మారు మరియొక సీసా యెందులకని, కాగితమును తిరిగి యిచ్చివేయబోతిని.

అంతలో ఏడవ ప్రశ్న కంటబడినది: "మీ నీటిలో ఫ్లోరైడు ఉన్నట్లు తేలితే ముందుగా ఎవరికి చెప్పాలి? మీకా, పంచాయతీకా? ఎన్ని రోజుల్లో?" జీపులలో వచ్చిన పెద్దలెవరును ఈ మాట నడిగి యెరుగరు. నీటిసీసాల మాట యటుండ, ఆడపిల్లల శరీరముల విషయముననే అడుగని కాలము మనకు దూరము గాదు. 2009లో ఖమ్మం జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పాత్ అను అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్. కలిసి సుమారు 14,000 మంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేయించు పథకమును ఆరంభించి, టీకా పొందిన కొందరు బాలికలు మరణించి కలకలము రేగగా 2010 ఏప్రిల్‌లో ఆపవలసి వచ్చినది. ఆ మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణ సంఘము తలచినను, పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 2,763 పత్రములపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకములు చేసిరని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తప్పుపట్టెను. మహాసంస్థలు దాటవేసిన పనిని, ఇరువదేండ్లు నిండని పిల్లలు మార్కుల కొరకే కానిండు, నేర్చుకొనుచున్నారు. మార్కుల కొరకు అలవడిన మర్యాదయైనను మర్యాదయే.

నాలుగు పుటలను చదివి సంతకము చేసితిని. మర్రిగూడ, మునుగోడు వైపు పాఠకులకొక మనవి: ఈ పిల్లలు మీ వాకిటికి వచ్చినచో తరిమివేయకుడు, ప్రతి ప్రశ్నను చదివించుకొనుడు, ఫలితమును ఏ తేదీకి తెచ్చి చెప్పుదురో అదే కాగితముపై వ్రాయించి, ముందు వారిచేత సంతకము పెట్టించుకొని, ఆ పిమ్మట మీరు పెట్టుడు.