కాగితం మందారం, మెంతుల కూజా

మందారాన్ని విప్పి చూడనివాళ్లు కాగితంతో మందారం చేయలేరు. చేసినా అది ఎర్రటి పువ్వు అవుతుందే తప్ప మందారం కాదు. ఐదు రేకులు కత్తిరించి, మధ్యలో పసుపు కాడ గుచ్చి, అడుగున ఆకుపచ్చ కాగితం చుడితే గుమ్మంలోంచి చూసేవాళ్లకు చాలు. నాకు చాలదు. కాగితం పూల పనిలో సగం కత్తెర పట్టకముందే, పెరట్లో మొక్క దగ్గరే అయిపోవాలి.

ఒంటిరెక్క మందారం ఒకటి కోసి అరచేతిలో పెట్టుకోండి. రేకులు పక్కపక్కనే పేర్చినట్టుండవు. ప్రతి రేకూ ఒక అంచున పక్క రేకు మీదికి ఎక్కుతుంది, రెండో అంచున ఇంకో రేకు కిందికి దూరుతుంది. అందుకే పువ్వు మొత్తం ఒకవైపు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. రేకు మొదట్లో ఎరుపు ముదురుగా ఉంటుంది. మధ్యలో లేచిన కాడ నిజానికి ఒక గొట్టం. పుప్పొడి తిత్తులు సన్నటి పోగుల చివర ఆ గొట్టానికే అంటుకుని ఉంటాయి. కొసన గొట్టంలోంచి బయటికి వచ్చిన కీలం ఐదుగా చీలి, ఒక్కో చీలిక చివర మఖమలు గుండీ లాంటి ఎర్రటి చుక్క ఉంటుంది. ఇక పువ్వును వెనక్కి తిప్పండి. రేకుల్ని పట్టుకున్న ఆకుపచ్చ గిన్నె కింద సన్నటి ఆకుపచ్చ పోచలు ఇంకో వరస కనిపిస్తాయి. చాలామంది కాగితం మందారాల్లో ఈ రెండో వరస ఉండదు. అది పెట్టిన పువ్వును ఏ వైపు తిప్పి చూసినా మందారమే.

విప్పిన రేకును తెల్ల కాగితం మీద పరిచి పెన్సిలుతో చుట్టూ గీస్తే అదే నమూనా. ఎవరో గీసి ఇచ్చిన అచ్చు అక్కర్లేదు.

ఇక కాగితం. పూలకు క్రేప్ కాగితాన్ని మించింది లేదు, దాని ముడతల గుణం తెలిస్తే. ముడతలకు అడ్డంగా లాగితే సాగుతుంది, ముడతల వెంట లాగితే సాగదు. కాబట్టి రేకు మొదలు నుంచి కొస దాకా ముడతలు నిలువుగా వచ్చేలా కత్తిరించాలి. కత్తిరించాక రెండు బొటనవేళ్లూ రేకు నడుమ ఆనించి మెల్లగా పక్కలకు నెడితే గుంట పడుతుంది. పైఅంచును వేళ్ల కొసలతో కొంచెం కొంచెంగా సాగదీస్తే అలలు తేలతాయి. కొసను పెన్సిలుకు చుట్టి వదిలితే వెనక్కి ఒంగుతుంది. ముడతలు అడ్డంగా వచ్చేలా కత్తిరించిన రేకుతో ఇవేవీ కావు. ఎంత ఓపికున్నా అది రేకులా కాక చీటీలాగే ఉంటుంది.

ఫ్యాన్సీ షాపులో దొరికే పల్చటి క్రేప్ తడి చేయి తగిలితే రంగు వదులుతుంది. ఎండ తగిలే కిటికీలో పెడితే వెలిసిపోతుంది. పూలు వృత్తిగా చేసేవాళ్లు ఇటలీలో తయారయ్యే క్రేప్ వాడతారు. చదరపు మీటరుకు 180 గ్రాములు తూగే మందపాటిది, బాగా సాగుతుంది, సాగిన ఆకారం నిలుపుకుంటుంది. ఖరీదు కూడా అలాగే ఉంటుంది. నేర్చుకునేటప్పుడు మన పల్చటిదే రెండు పొరలుగా అతికించి వాడుకోవచ్చు.

గులాబీలే ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు. మన పూలు కాగితానికి ఎంత ఒదుగుతాయో! తంగేడు రేకుల అంచులు సహజంగానే ముడతలు పడి ఉంటాయి, క్రేప్ దానికోసమే పుట్టిందా అనిపిస్తుంది. దాని ఐదు పసుపు రేకుల మధ్య కేసరాలు ఒక్క పొడుగున ఉండవు. కొన్ని పొడుగ్గా ఒంగి ఉంటాయి, కొన్ని పొట్టిగా ఉండిపోతాయి. ఆ తేడా పెడితేనే తంగేడు. నందివర్ధనం రేకులు చక్రంలా ఒకే వైపు మెలి తిరుగుతాయి. ముద్దబంతి అయితే ఒక్క పువ్వు కాదు, చిన్న చిన్న పూలు కుప్పగా కూడిన గుత్తి. మనం రేకు అనుకుని తుంచేది దేనికదే ఒక పువ్వు. అందుకని పొడుగాటి పట్టీని ఒక అంచున పీచులా కత్తిరించి తీగకు చుట్టుకుంటూ పోవడం బంతికి నప్పే పద్ధతి. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చేసేస్తారు.

విప్పి చూడటంలోని గొప్పతనం గురించి చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చేది మేరీ డెలానీ. 1700లో పుట్టిన ఇంగ్లండు మహిళ. భర్త పోయాక, 1772లో, డెబ్బై రెండో ఏట కాగితం పూలు మొదలుపెట్టారు. కూజాలో నిలబెట్టేవి కావవి. నల్లరంగు పూసిన కాగితం మీద, రంగు కాగితాల ముక్కల్ని సన్నగా కత్తిరించి పొరలు పొరలుగా అతికించినవి. నిజం మొక్క ఎదురుగా ఉంటేనే పని. క్యూ ఉద్యానవనం నుంచి ఆవిడకు కొత్త కొత్త మొక్కలు వచ్చేవి. ప్రతి పువ్వుకూ దాని శాస్త్రీయ నామం రాసిపెట్టారు. కళ్లు మసకబారి ఆపేసేనాటికి, అంటే పదేళ్లలో, దాదాపు వెయ్యి పూలయ్యాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. డెబ్బై దాటాక కొత్త పని ఏమిటి అనుకునే ప్రతి ఇంట్లో ఈవిడ పేరు తెలిసి ఉండాలి.

పూలు అయ్యాయి, మరి వాటిని దేంట్లో పెడతాం? ఇంత శ్రమపడి చేసిన పూలను ప్లాస్టిక్ ఫ్లవర్ వేజ్‌లో గుచ్చడం నా మనసుకు ఎక్కదు. కూజా కూడా కాగితంతోనే చేసుకోవచ్చు, ఆ విద్య మన ఊళ్లలోనే ఉంది. చేటల సందులు మూయడానికి, బుట్టలకు మెత్తడానికి మా అమ్మమ్మ కాలం ఆడవాళ్లు పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బేవారు. మెంతులు నానితే జిగురు ఊరుతుంది, కాగితం పీచును అదే పట్టి ఉంచుతుంది. ఆ చేదుకు పురుగు పట్టదని వాళ్ల లెక్క. బోర్లించిన గిన్నె మీద ఆ గుజ్జు మెత్తి ఆరబెట్టి, పప్పులూ బియ్యమూ పోసుకునే తట్టలు చేసుకున్నారు.

కూజాకూ అదే గుజ్జు. వార్తాపత్రికను కత్తెరతో కాకుండా చేత్తో చింపాలి, చిరిగిన అంచున పీచు లేచి బాగా అల్లుకుంటుంది. రాత్రంతా నానబెట్టి, నీళ్లు పిండేసి, నానిన మెంతులతో కలిపి మెత్తగా రుబ్బాలి. మెడ సన్నగా ఉన్న కూజాను అచ్చు మీంచి ఊడదీయలేం. అందుకని గాజు సీసా మీదే మెత్తి, సీసాను లోపలే ఉంచేయడం మేలు. దానివల్ల ఇంకో లాభముంది. తీగకు గుచ్చిన కాగితం పూల బరువంతా పైనే ఉంటుంది, వట్టి కాగితం కూజా అయితే పక్కకు ఒరుగుతుంది. సీసాలో గుప్పెడు ఇసుక పోస్తే కదలదు. వేలి మందం కంటే ఎక్కువ ఒకేసారి మెత్తకూడదు. ఒక పొర నీడన పూర్తిగా ఆరాకే రెండోది. తొందరపడి ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. పైన మైదా జిగురుతో కాగితం పట్టీలు అతికిస్తే నునుపు వస్తుంది. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లలు చేతులు పెట్టే చోట వద్దు. ఆరాక జాజు పూసి, సుద్దతో ముగ్గు గీతలు గీస్తే ఎర్రమట్టి పూసిన అరుగు అందం దానికి వస్తుంది.

మా అమ్మమ్మ కొలతలు ఎక్కడా రాసి లేవు, ఆవిడకు అంతా గుప్పెళ్ల లెక్క. అలాంటి లెక్క తెలిసిన పెద్దావిడ మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉంటే, ఎన్ని కాగితాలకు ఎన్ని మెంతులో, ఎన్నాళ్లు నానబెట్టేవారో ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి.