యుగంధర్ మా ఊరికొచ్చిన రోజులు

కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్‌ది మద్రాసు. వాటిని చదివే వయసులో నేను మద్రాసు చూడలేదు. పటాన్‌చెరు బస్టాండు దగ్గర కొట్లో అద్దెకు తెచ్చుకునేవాణ్ని. యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు కారెక్కగానే నా కళ్ల ముందు మా బొంబాయి రోడ్డే కదిలేది. హంతకుడు దాక్కున్న బంగళా ఇస్నాపూర్ అవతల మూతపడ్డ ఫ్యాక్టరీ అయ్యేది. ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు జీపు బీహెచ్‌ఈఎల్ చౌరస్తాలో ఆగేది. పుస్తకం మూసి పడుకున్నాక, రెండో షిఫ్టు దిగి వస్తున్న కార్మికుడి సైకిల్ చప్పుడుకు కూడా గుండె ఝల్లుమనేది.

ఎక్కడో కోటలో జరిగిన హత్య కథగానే మిగులుతుంది. రోజూ చాయ్ తాగే హోటల్ వెనక సందులో జరిగితే మర్నాడు ఆ సందులోకి తొంగిచూడకుండా ఉండలేం. 1887లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌కు 221బి, బేకర్ స్ట్రీట్ అని చిరునామా ఇచ్చేనాటికి ఆ వీధిలో అంత నెంబరున్న ఇల్లే లేదు. వీధి మాత్రం నిజం. ఆ ఒక్క నిజాన్ని నమ్ముకుని ఆ తర్వాత హోమ్స్‌కు ఉత్తరాలు రాసిన పాఠకులున్నారు.

మా దగ్గర అలాంటి నిజాలకు కొదవలేదు. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలుంది. 500 రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలా ఉండి రావచ్చని 2016లో జనానికి తెరిచారు. 'హత్య జరిగిన రాత్రి నేను జైల్లో ఉన్నాను' అని రసీదు చూపించే అనుమానితుణ్ని ఊహించండి! పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో 1,20,000కు పైగా విత్తన నమూనాలున్నాయి. జేబులో పట్టే పిడికెడు గింజల కోసం ఒక నవలంతా పరుగెత్తవచ్చు.

అయితే ఇక్కడ రాసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి. షిఫ్టు వదిలే వేళ ముత్తంగి దగ్గర హంతకుడి కారును రయ్యిమని పోనిస్తే మేం నమ్మం. ఆ రోడ్డు మాకు తెలుసు.

నక్కవాగు కూడా తెలుసు. పారిశ్రామిక వాడ విషాన్ని ఏళ్ల తరబడి మోసి మంజీరలో కలిపిన వాగు అది. చిన్నప్పుడు బస్సు దాని వంతెన మీదికి రాగానే ముక్కు మూసుకుని, కిటికీలు దించేసుకునేవాళ్లం. 'ఇది ఎవరు చేశారు?' అని బస్సులో ఎవరమూ అడగలేదు.

యుగంధర్ అయితే కారాపి కిందికి దిగేవాడు.