చెప్పినవారి కళ్లముందే కథ

ప్లేబ్యాక్ థియేటర్‌లో ముందే రాసిపెట్టుకున్న నాటకం ఉండదు. ప్రేక్షకుల్లోంచి ఒకరు లేచి వచ్చి తన జీవితంలో జరిగిన సంగతి చెబుతారు, నటులు దాన్ని అప్పటికప్పుడే ఆడి చూపిస్తారు. జోనథన్ ఫాక్స్, జో సాలస్ 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ లోయలో మరికొందరితో కలిసి ఈ ప్రక్రియను మొదలుపెట్టారు. ఫాక్స్ అంతకుముందు నేపాల్‌లో వాలంటీరుగా పనిచేశారు. ఆ తర్వాత, జె.ఎల్. మొరెనో రూపొందించిన సైకోడ్రామా అనే నాటక చికిత్సలో శిక్షణ పొందారు. సైకోడ్రామాలో కథ ఎవరిదో వారే తమ పాత్ర వేసుకుంటారు. ప్లేబ్యాక్‌లో మాత్రం కథ చెప్పినవారు పక్కన కూర్చుని చూస్తారు. ఈ ప్రక్రియ బలమంతా ఈ చిన్న మార్పులోనే ఉంది.

వేదిక మీద సరంజామా తక్కువ. ఒక పక్క రెండు కుర్చీలు ఉంటాయి, ఒకటి ప్రదర్శన నడిపించే సూత్రధారికి, రెండోది కథ చెప్పేవారికి. నడుమ నటులు, మరో పక్క సంగీతకారుడు, వెనక వేలాడే రంగు గుడ్డలు. ఆ గుడ్డే ఒక కథలో చీర, ఇంకో కథలో వరద. మొదట చిన్న ప్రశ్నలతో జంకు పోగొడతారు. “ఇవాళ ఎలా గడిచింది?” అంటే ఎవరో “అలసటగా ఉంది” అంటారు. నటులు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఒక కదలిక, ఒక చప్పుడు జోడిస్తారు. చూస్తుండగానే ఆ అలసట అందరికీ కనబడుతుంది.

కథ వంతు ఆ తర్వాతే. కూతుర్ని మొదటిసారి హాస్టల్లో దింపి వచ్చిన తండ్రి ఆ కుర్చీలో కూర్చున్నాడనుకుందాం. “ఏముందండీ, పెట్టె దింపాను, డబ్బులిచ్చాను, రైలెక్కేశాను” అని ముగించబోతాడు. “రైలు కదిలేటప్పుడు ఎటు చూస్తున్నారు?” అని సూత్రధారి అడుగుతారు. ఆయన కాసేపాగి, “ప్లాట్‌ఫాం వైపు చూడలేదండీ” అంటాడు. అసలు కథ అక్కడుంది. తన పాత్రకు, కూతురి పాత్రకు నటుల్ని ఆయనే ఎంచుకుంటాడు. తన పాత్రకు ఆడమనిషిని ఎంచుకున్నా తప్పులేదు. సూత్రధారి “చూద్దాం” అనగానే నటులు తమలో తాము సంప్రదించుకోకుండానే దిగుతారు. తండ్రి మెడ తిప్పకుండా కూర్చుంటే, ఆయన భుజం మీది నీలి గుడ్డ రెండో కొస కూతురి చేతిలో సాగుతూ పోతుంది. ఆట ముగిశాక నటులంతా ఆయనవైపు తిరిగి నిలబడతారు. “ఇలాగే ఉందా?” అని సూత్రధారి అడిగితే, “లేదండీ, ఆ పిల్ల నవ్వుతూనే ఉంది” అని సరిదిద్దే హక్కు ఆయనదే. చివరి మాట ఎప్పుడూ కథ చెప్పినవారిదే.

ఒక సంగతి మనసులో సుడి తిరుగుతున్నంతసేపూ దానికి మొదలూ తుదీ తెలియవు. దాన్ని నటులు ఎదురుగా ఆడుతుంటే, చెప్పినవారు అందులో తమనీ అవతలివారినీ ఒకేసారి చూడగలుగుతారు, తమమీద తమకే కాస్త దయ కలుగుతుంది. పైగా నలుగురూ చూశారు, ఎవరూ తీర్పు చెప్పలేదు. ఇళ్లలో బాధ చెప్పుకోగానే సలహా వచ్చి మీద పడుతుంది. ఇక్కడ సలహా ఇవ్వకపోవడం పద్ధతిలో భాగం, బహుశా అన్నిటికన్నా విలువైన భాగం.

ఒకరి కథ విన్నాక మరొకరికి తన కథ గుర్తొస్తుంది. ఇలా కథల మధ్య అల్లుకునే బంధాన్ని ప్లేబ్యాక్‌వాళ్లు ‘ఎర్ర దారం’ అంటారు. తండ్రి కథ తర్వాత ఒక కూతురు లేచి రావచ్చు, ఊరు వదిలొచ్చిన కూలీ రావచ్చు. ఎవరూ ఎవరికీ నేరుగా జవాబివ్వకపోయినా సంభాషణ సాగుతూనే ఉంటుంది.

1990లో అంతర్జాతీయ ప్లేబ్యాక్ థియేటర్ నెట్‌వర్క్ ఏర్పడింది. మన దేశంలో చెన్నై, బెంగళూరుల్లో బృందాలున్నాయి. జో సాలస్ ఈ పద్ధతిని బడిపిల్లల మధ్య వేధింపుల గురించి మాట్లాడించడానికి వాడారు.

అయితే ప్లేబ్యాక్ వైద్యానికి బదులు కాదు. పచ్చిగా ఉన్న గాయాన్ని అపరిచితుల ముందు తెరిస్తే మేలుకన్నా కీడు జరగవచ్చు. అందుకే సూత్రధారికి నటన వచ్చినా రాకపోయినా, చెప్పేవారి గొంతు వణికినప్పుడు గుర్తుపట్టి, కథను తగిన చోట ఆపి, అవసరమైతే నిపుణుల దగ్గరికి పంపగల శిక్షణ మాత్రం తప్పనిసరి.