దావాలో ఎవరెవరు ఉండాలి?

దావా కాగితాల్లో నేను ఎక్కువసేపు కూర్చునేది మొదటి పేజీ మీదే. వాది ఫలానా, ప్రతివాదులు ఫలానా అని రాసే చోటది. చాలామంది జూనియర్లు ఏదో పాత ఫైలు చూసి దాన్ని దింపేసి కథనంలోకి దిగిపోతారు. నాకైతే పార్టీలు ఎవరో తేలేదాకా కలం కదలదు. తీర్పు సాధారణంగా కక్షిదారులకే వర్తిస్తుంది. తగాదాతో ఎంత సంబంధం ఉన్నా, పార్టీగా చేర్చని మనిషిని డిక్రీతో కట్టడి చేయలేం.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌ ఆర్డర్ 1లో రూల్ 10 ఇందుకోసమే ఉంది. అవసరమైన వారిని కోర్టు ఏ దశలోనైనా చేర్చవచ్చు. దీనికి మన హైదరాబాద్ కేసే గొప్ప ఉదాహరణ. నిజాం కుమారుడు మొజ్జం జా తనను పెళ్లాడారని, ఖర్చే పాన్‌దాన్ (భార్య సొంత ఖర్చులకు భర్త ఇచ్చే భత్యం) కింద నెలకు 2,000 రూపాయలు రావాలని రజియా బేగం దావా వేశారు. ఆయన ఒప్పేసుకున్నారు. డిక్రీ రావడమే తరువాయి అనుకుంటున్నప్పుడు, మరో భార్య అన్వర్ బేగం, ఆమె మైనరు కొడుకు తమనూ చేర్చమని అడిగారు. 1958లో సుప్రీంకోర్టు మెజారిటీ న్యాయమూర్తులు వాళ్లను చేర్చడం సబబేనన్నారు. భార్య హోదా తేలితే వారసత్వం దాకా ప్రభావం ఉంటుంది, అది ఇద్దరి మధ్య ఒప్పుకోలుతో ముగిసేది కాదు. నా దృష్టిలో అది న్యాయమైన తీర్పు.

మా ఆఫీసుకు వచ్చే భాగపంపిణీ దావాల్లో ఇదే చిక్కు వేరే రూపంలో ఎదురవుతుంది. "ఇద్దరమే అన్నదమ్ములమండి" అంటారు. అక్కచెల్లెళ్ల మాటేమిటంటే, "వాళ్లకి పెళ్లిళ్లు చేసి పంపించేశాం కదండీ!" హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురూ కొడుకుతో సమానమే. తండ్రి అప్పటికి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాటాదారైన ఆడపిల్లను వదిలేసి వేసిన దావా ఏళ్లు గడిచాక ఆ ఒక్క లోపంతోనే కొట్టుడు పోవచ్చు.

చనిపోయినవారి సంగతీ అంతే. పోయినాయన మీద వేసిన దావా చెల్లదు. దావా నడుస్తుండగా పోతే, వారసులను చేర్చమంటూ 90 రోజుల్లో పిటిషన్ పడాలి.

అందుకే వకీలు దగ్గరకు వచ్చేముందు వంశవృక్షం రాసి తెచ్చుకోండి. ఆడపిల్లలను, పోయినవారిని, వాళ్ల పిల్లలను ఎవరినీ వదలకండి. పోయినవారి పేరు పక్కన తేదీ వేయండి.