ఆరో వేలు దొరికింది, బోనం దొరకలేదు

ఈ వారం నన్ను సంతోషపెట్టిన కబురు ఒకటుంది. స్టాక్ ఫొటోల అంగళ్ళకు ఏఐ బొమ్మలు పంపేవాళ్ళు గగ్గోలు పెడుతున్నారు. నిన్నమొన్నటిదాకా కళ్ళు మూసుకుని తీసుకున్న సరుకును ఇప్పుడు మూటలకు మూటలు తిప్పికొడుతున్నారట. ‘క్వాలిటీ ఇష్యూస్’ అని ఒకసారి, ‘సిమిలర్ కంటెంట్’ అని ఇంకోసారి రెండు ముక్కల జవాబు వస్తుంది, అంతే. ఈ కాలమ్ పాత పాఠకులకు నా చాదస్తం తెలుసు కాబట్టి నేనెందుకు సంతోషించానో వేరే చెప్పక్కర్లేదు. వార్త పక్కన ఎవరిదో తెలియని బొమ్మ వేసి, కింద ‘ప్రతీకాత్మక చిత్రం’ అని రాసి చేతులు దులుపుకునే అలవాటు మీద ఇక్కడ ఎన్నిసార్లు విసుక్కున్నానో వాళ్ళకు గుర్తే. ఆ అలవాటును మేపేది ఈ అంగళ్ళే. అక్కడ చెత్త తగ్గితే మన పేజీల్లోనూ తగ్గుతుందని ఆశ. కానీ తిప్పికొట్టడానికి వాళ్ళు చూపుతున్న కారణాలను వరసగా పెట్టి చూస్తే ఆ ఆశ నిలబడేలా లేదు.

ముందు ఎవరి తలుపు ఎంత తెరిచి ఉందో చూద్దాం. గెట్టీ ఇమేజెస్ 2022 సెప్టెంబర్‌లోనే ఏఐ బొమ్మలు వద్దంది. షట్టర్‌స్టాక్ బయటివాళ్ళు పంపే ఏఐ బొమ్మలు తీసుకోదు, తన సైట్‌లోని యంత్రంతో చేసినవి మాత్రం అమ్ముకుంటుంది (వ్యాపారం తెలిసినవాళ్ళు). అడోబ్ స్టాక్ మాత్రం 2022 డిసెంబర్‌లో తలుపు బార్లా తీసింది. ఏఐతో చేసిందని గడిలో టిక్ పెట్టాలి, చిత్రకారుల పేర్లూ ప్రముఖుల పేర్లూ వాడకూడదు, ఇలాంటి షరతులతో. కాబట్టి ఇప్పటి గోల చాలావరకు ఆ గుమ్మం దగ్గరిదే. తిప్పికొట్టడం ఈ వృత్తికి కొత్తేమీ కాదు. ఒకప్పుడు షట్టర్‌స్టాక్‌లో చేరాలంటే పంపిన 10 ఫొటోల్లో 7 నెగ్గాలి. ఫోకస్ కాస్త జారినా, నీడలో నాయిస్ కనిపించినా ఫొటో వెనక్కి వచ్చేది. కెమెరా వాళ్ళు ఆ దెబ్బలు తిని పని నేర్చుకున్నారు. ఏఐ వాళ్ళు కూడా తినాల్సిందే కదా అని మొదట నాకూ అనిపించింది.

అయితే ఇప్పటి పరిశీలన ఏం పడుతోంది? చేతికి ఆరో వేలు, చెవికి అతుక్కుపోయిన జూకా, గోడ మీద ఏ భాషకూ చెందని అక్షరాలు. అంతకన్నా ఎక్కువగా, ఒకే ప్రాంప్టును అటూ ఇటూ తిప్పి తీసిన కవల బొమ్మలు. ఇవన్నీ కంటికి కనిపించే తప్పులు, లేదా గోదాము నిండిపోతుందన్న బాధ. బొమ్మ దేని గురించి చెబుతోందో, అది నిజమో కాదో చూసే పని ఇందులో లేదు. సికింద్రాబాద్‌లో జరిగే లష్కర్ బోనాలనే తీసుకోండి. బోనం అంటే అన్నం వండిన కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపాకు కట్టి, మీద దీపం వెలిగించి తలకెత్తుకునేది. దీపం తీసి కొబ్బరికాయ పెట్టి, వేపాకు బదులు మామిడాకు చెక్కితే అది కలశం అవుతుంది గానీ బోనం కాదు. మర్నాటి రంగంలో పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే మనిషిని యంత్రం సింహాసనం మీద కూర్చోబెట్టవచ్చు. వేళ్ళు అయిదే ఉండి, వెలుతురు బాగుంటే ఎక్కడో కూర్చున్న పరిశీలకుడు దాన్ని ఎందుకు ఆపుతాడు? అతనికి ఆ బోనాలు జరిగే ఉజ్జయినీ మహంకాళి గుడి ఎటువైపో తెలియదు. తెలియాలని మనం అడగనూ లేం. ఆ బొమ్మ ‘తెలంగాణ పండుగ’ అన్న కీవర్డుతో అంగట్లోకి చేరుతుంది, ఆషాఢం రాగానే మన అనుబంధాల్లోకి దిగుతుంది. రేపటి యంత్రం దాన్నే చూసి బోనం అంటే ఇదేనని నేర్చుకుంటుంది.

సికింద్రాబాద్‌లో ఉండి ఈ మాట అంటున్నప్పుడు లాలా దీన్‌దయాళ్‌ను తలచుకోకుండా ఎలా? మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ కొలువు చేస్తూ కెమెరా పట్టినవాడు. 1886లో ఇక్కడ స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనిపించుకున్నాడు. 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో పెట్టాడు. ఆయన్ను మనం గొప్ప కళాకారుడిగా గుర్తుంచుకుంటాం గానీ ఆయన చేసింది స్టాక్ వ్యాపారం కూడా. కోటలు, గుళ్ళు, ప్యాలెస్‌ల గాజు నెగటివ్‌లు దగ్గర పెట్టుకుని, ఒకే నెగటివ్ నుంచి అడిగినవాళ్ళందరికీ ప్రింట్లు తీసి అమ్మాడు. అంగడి సూత్రం అదే, సరుకు నిలవ చేసే తీరే వేరు. నెగటివ్ మీదే నంబరు, ఇది ఫలానా చోటు అన్న పేరు, తీసిన సంస్థ పేరు. 1905లో ఆయన పోయాక ఎంతో చెదిరిపోయినా, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో 2,857 గాజు నెగటివ్‌లు దక్కాయి. వాటితో ఈనాటికీ చరిత్ర రాయగలుగుతున్నారంటే ప్రింటు అందం ఒక్కటే కారణం కాదు. ఏది ఎక్కడిదో వెతికి పట్టుకునే దారి వాటి మీదే ఉంది.

దీన్‌దయాళ్ మాత్రం నిజాలే తీశాడా, తెర కట్టి, కుర్చీ వేసి, నగలు సర్ది, నెగటివ్‌కు మెరుగులు దిద్దలేదా అని అడగవచ్చు. దిద్దాడు. ఆ కాలపు స్టూడియోలన్నీ దిద్దాయి. కానీ ఆ కుర్చీలో ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు, ఫలానా రోజు, ఫలానా ఊళ్ళో. మెరుగు ఎంత పెట్టినా ఆ సంగతి చెరగదు. ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది. స్టాక్ ఫొటోలు ఎప్పుడు నిజం చెప్పాయి? హెడ్‌సెట్ పెట్టుకుని నవ్వే అమ్మాయి ఏ కాల్‌సెంటర్‌లోనూ పనిచేయదు, తెల్లకోటు వేసుకున్నాయన డాక్టరూ కాడు. ఒప్పుకుంటాను, పూర్తిగా. అలాంటి బొమ్మను కెమెరా తీస్తేనేం, యంత్రం చేస్తేనేం? కరపత్రం వెనక నీలిరంగు గీతలు, ప్రెజెంటేషన్‌లో మబ్బులు, నాణేల కుప్ప మీద మొలిచిన మొక్క, వీటిని తిప్పికొట్టి సాధించేది ఏమీ లేదు. వాటి విషయంలో నా పాత కోపాన్ని ఇక్కడే వదిలేస్తున్నాను. ఎక్కడిదీ కాని బొమ్మ ఎవరినీ మోసం చేయదు.

అసలు బెడద ఇటువైపుంది. జల్లెడ సన్నబడేకొద్దీ కిందికి దిగే పిండి మెత్తనవుతుంది. తిప్పికొట్టిన ప్రతిసారీ పంపేవాడు నేర్చుకుంటాడు, యంత్రమూ మెరుగవుతుంది. ఆరో వేలున్న బొమ్మ పోతుంది, అయిదు వేళ్ళున్న అబద్ధం మిగులుతుంది. అందుకే తిరస్కరణలు పెరగడం శుభవార్త కాదనే నేను తేల్చుకున్నాను. లేబుల్ ఉంది కదా అనేవాళ్ళు 2023 నవంబర్‌ను గుర్తు తెచ్చుకోవాలి. ఇజ్రాయెల్, గాజా యుద్ధం పేరుతో అడోబ్ స్టాక్‌లో అమ్మిన ఏఐ బొమ్మలకు అంగట్లో లేబుల్ ఉంది. కొన్ని వార్తా సైట్ల పేజీలకు ఎక్కేసరికి అది రాలిపోయింది. అంత దూరం ఎందుకు, 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి గొడవ ఉంది. 400 ఎకరాల భూమిలో చెట్లు నరికింది నిజం. సుప్రీంకోర్టు ఆపమన్నది నిజం. మధ్యలో బుల్‌డోజర్ల ముందు పరుగెడుతున్న జింకలు, నెమళ్ళ ఏఐ బొమ్మలు తిరిగాయి. ప్రభుత్వం వాటిని పట్టుకుంది, కేసులు పెట్టింది. చర్చ చెట్ల మీది నుంచి బొమ్మల మీదికి మళ్ళింది. అక్కడే నిలబడి సెల్‌ఫోన్‌తో తీసిన విద్యార్థుల వీడియోలు కూడా అనుమానంగా చూడాల్సిన వరసలోకి వచ్చాయి. ఆ బొమ్మలు ఏ అంగట్లో పరీక్షకు వెళ్ళినా అందానికి, సఫాయికి నెగ్గేవే.

కెమెరా కొనలేని కుర్రాడు ఏఐతో నాలుగు రూపాయలు సంపాదించుకుంటే నీకేం నొప్పి అంటారు కొందరు. నొప్పి లేదు, కానీ ఆ నాలుగు రూపాయలు ఎక్కడున్నాయో చూడండి. అడోబ్ స్టాక్‌లో ఫొటోకు దక్కేది అమ్మకపు విలువలో 33 శాతం. అదే ప్రాంప్టు లక్షమంది చేతిలో ఉన్నప్పుడు నీ బొమ్మను ఎంచుకోవడానికి కొనేవాడికి కారణం ఉండదు. మోండా మార్కెట్‌లో తెల్లవారుజామున కూరల బస్తాలు దించడం, రాష్ట్రపతి రోడ్డులో బోనాల ఊరేగింపు, సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఆటోల వరస, వీటిని అదే కుర్రాడు చేతిలోని ఫోన్‌తో తీసి, కింద చోటూ తేదీ రాస్తే ఆ ఫొటోకు పోటీ ఉండదు. అతన్ని ప్రాంప్టుల వైపు తోసి, ఆ తర్వాత గుమ్మంలోనే తిప్పికొట్టేవాళ్ళ కన్నా అతనికి ఈ మాట చెప్పేవాళ్ళే మేలు చేసినట్టు.

కాబట్టి నా తీర్పు ఇది. మబ్బులూ గీతలూ ఎన్నయినా తీసుకోండి. ఊరి పేరు, పండుగ పేరు, సంఘటన పేరు పెట్టిన బొమ్మ మాత్రం యంత్రంలో పుట్టినదైతే ఎంత అందంగా ఉన్నా అంగట్లో ఉండకూడదు. అంగళ్ళు నా మాట వినవు, ఆ సంగతి నాకు తెలుసు. మన పత్రికల డెస్కుల్లో ఉన్నవాళ్ళు వినగలరు. వచ్చే ఆషాఢంలో బోనాల అనుబంధానికి ఫొటో ఎంచేటప్పుడు, తీసినవారి పేరు, చోటు, తేదీ అడగండి, కింద అచ్చు వేయండి. అవి మూడూ లేకపోతే ఆ జాగాలో ఇంకో రెండు పేరాల వార్త వేయండి.