లోపలి వైపు కుట్టు

ఫిజీ రాజధాని సువాలో, థర్స్టన్ తోటలో, ఫిజీ మ్యూజియం ఉంది. దాని పెద్ద హాలును దాదాపు ఒక్క పడవే ఆక్రమించుకుంది. పేరు రాటూ ఫినౌ. కట్టింది 1913లో, పొడవు 13.43 మీటర్లు. ఈ జాతి జంట పడవను అక్కడివాళ్లు డ్రువా అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో 30 మీటర్లు దాటిన డ్రువాలు ఉండేవి. వాటి పక్కన ఇది చిన్నదే. అయినా నేను మధ్యాహ్నమంతా దీని చుట్టూనే తిరిగాను.

రెండు దోనెలను పక్కపక్కన పెట్టి, పైన అడ్డదూలాలు, వాటి మీద బల్ల పరిచారు. ఒక దోనె పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాలి. మరి దిశ మార్చాలంటే? పడవను తిప్పరు. తెరచాప కింది మొనను ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకెళ్తారు, చుక్కాని తెడ్డునూ అటే మారుస్తారు. అంతవరకు వెనక ఉన్నది ముందవుతుంది. అందుకే రెండు కొసల్నీ ఒకేలా చెక్కాలి. ఏది తల, ఏది తోక అని అడగడానికి వీల్లేని పడవ ఇది.

నన్ను కట్టిపడేసింది మాత్రం తాడు. కొబ్బరి పీచును జడలా అల్లిన తాడు. దూలానికీ దోనెకూ, దూలానికీ బల్లకూ అదే కట్టు. ఫిజీ భాషలో దాని పేరు మఙిమఙి. మన వర్ణమాలలో పేరుకే మిగిలిపోయిన ‘ఙ’కు ఇక్కడ నిజంగా పని దొరికింది. చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా, చాప నేసినంత ఒద్దికగా చుట్టారు. బలం కోసం వేసిన కట్టుకు ఇంత అందం అక్కర్లేదు. కానీ ఒక చుట్టు వదులైతే మిగతావాటి మీద బరువు పడుతుంది కాబట్టి, ఆ ఒద్దికే దాని బలం కూడా.

పెద్ద డ్రువాల్లో పలకలు కలిపిన తీరు ఇంకా ఆశ్చర్యం. పలకను చెక్కేటప్పుడే లోపలి వైపు అంచున ఒక గట్టు మిగిలేలా చెక్కేవారు. రంధ్రాలు ఆ గట్టుకే, పలకకు కాదు. అంచుల మధ్య సీమపనస జిగురు పూసి, చెట్టు బెరడును సాగగొట్టి చేసిన మాసి బట్ట పీలిక ఉంచి, తాడుతో బిగించి, తాడు కింద చిన్న చెక్క చీలలు దిగ్గొట్టేవారు. తరవాత బయటి వైపు బాడిశతో నున్నగా చెక్కితే అతుకు ఎక్కడుందో కనబడేది కాదు. సముద్రం తాకే వైపు ఒక్క రంధ్రమూ లేదు! మన కోరమాండల్ తీరపు మసూలా పడవల్నీ మేకులు లేకుండా కొబ్బరి తాడుతోనే కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు విరగకుండా వంగేది ఆ పడవ. కానీ దాని రంధ్రాలు పలకను దాటి పోతాయి, కుట్టు బయటికి కనిపిస్తుంది. ఫిజీ వడ్రంగి ఆ కుట్టును పూర్తిగా లోపలికి తీసుకుపోయాడు. పలకను పలచగా చెక్కి, అంచున మాత్రం గట్టు మిగల్చాలంటే ఎంత కలప, ఎంత ఓపిక కావాలి! ఇనుము రాకముందు ఆ పని రాతి బాడిశలతోనే జరిగింది.

ఈ పడవల కలప పేరు ‘వేసి’. గట్టిది, నీటికి తొందరగా లొంగదు. తూర్పున లౌ ద్వీపాల్లో, ముఖ్యంగా కంబారా దీవిలో, ఆ చెట్లకు పేరు. తమ దగ్గర అంత మాను దొరకక టోంగా నుంచి కూడా పడవలు కట్టుకోవడానికి అక్కడికే వచ్చేవారు. తెరచాప మొగలి జాతి ఆకుల చాప. వేసి, కొబ్బరి, మొగలి, సీమపనస. దీవుల చెట్టూచేమా గురించి వేరే గది అక్కర్లేదనిపించింది.

ఇదే మ్యూజియంలో, నావికుల తిరుగుబాటుతో పేరుపడ్డ బౌంటీ ఓడ చుక్కాని ఉంది, చూసి ముందుకు సాగాను. ఒప్పంద కూలీలుగా వచ్చిన భారతీయుల గిర్మిట్ కాలపు వస్తువుల దగ్గర మాత్రం మళ్లీ ఆగాను. 1879 నుంచి 1916 దాకా 60 వేల మందికి పైగా వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు బయల్దేరాయి, వాటిలో తెలుగువాళ్లున్నారు. అంటే రాటూ ఫినౌ దోనెలు చెక్కుతున్న ఏడాదికి ఆ ఓడలు ఇంకా ఆగలేదు. తీరాన కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు చూసి పెరిగినవాడెవడైనా వాటిలో వచ్చి ఉంటే, డ్రువాను చూసి ముందుగా ఏ ముడి దగ్గర వంగి ఉంటాడా అనుకుంటూ మళ్లీ పడవ ఉన్న హాలుకు వెళ్లాను. చిన్న దోనె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దూలం అడుగున తాడు కొస ఎక్కడ దాచారో వెతికాను. కనబడలేదు.